ప్రసాదు కట్టిన ఊళ్లో ప్రభ దారి

మా వీధి చివర నూతి వరలు పోసే నాగదుర్గాప్రసాద్‌ని కొత్తపేట చుట్టుపక్కల ఎరగనివాళ్లు లేరు. నుయ్యి తవ్వినా, మరుగుదొడ్డికి గుంట తవ్వినా సిమెంటు వరల కోసం వాడి షెడ్డుకే రావాలి. అయితే వాడికి ఊళ్లు కట్టడం కూడా వచ్చునన్న సంగతి మాలో ఎవరికీ చాలాకాలం తెలియదు. పోలెండు దేశం వాళ్లకి తెలుసు, బ్రెజిల్ వాళ్లకి తెలుసు. పక్కింట్లో ఉన్న నాకు అందరికంటే ఆఖరున తెలిసింది. వాడికి నేను వరసకి పిన్నిని కూడాను. ఆ ఉక్రోషం నాకు ఇంకా తీరలేదు.

వాడిది మాట్లాడే నోరు కాదు. ఎవరేమన్నా "ఆయ్" అంటాడు, ఆ ఒక్క ముక్కా కూడా ఆలోచించి అంటాడు. చేతులు మాత్రం ఊరుకోవు. చిన్నప్పుడు వాళ్ల దొడ్లో ఇసుకపోగు మీద కాలవలు తీసి, కొబ్బరి ఈనెలు అడ్డం పెట్టి లాకులనేవాడు, చెంబుతో నీళ్లు వదిలి ఏ పక్కకి పోతున్నాయో చూస్తూ అన్నం సంగతి మరిచిపోయేవాడు. వాళ్లమ్మ జబ్బ పట్టుకుని ఈడ్చుకుపోయేది. పెద్దయ్యాక అదే దొడ్లో, అలాంటి ఇసుకతోనే వరలు పోస్తున్నాడు.

వర పోశాక చెయ్యడానికి పెద్ద పనేమీ ఉండదు. అచ్చు విప్పేసి, ఎండకి బీటలు తియ్యకుండా నీళ్లు చల్లుకుంటూ కూర్చోవాలి. అంత తీరిక దొరికిన మగవాడు ఏదో ఒక దాంట్లో పడతాడు. మా వాళ్లలో పేకాటలో పడ్డవాళ్లున్నారు, కోడిపందేల్లో పడ్డవాళ్లున్నారు. వీడు కంప్యూటర్లో పడ్డాడు. రాజమండ్రిలో ఎవరో వద్దనుకున్న పాత పెట్టె ఒకటి తెచ్చుకున్నాడు. అది తిరుగుతుంటే వాళ్లింట్లో రైసుమిల్లు పెట్టారేమో అనిపిస్తుంది.

మా నూతి పైవర పగిలితే చెప్పి వద్దామని ఒక మధ్యాహ్నం వెళ్లాను. వాడి పెళ్లాం లీలావతి షెడ్డు పక్కన బోర్లించిన కుండ మీద రేకులు తీస్తోంది. ఆత్రేయపురం పిల్ల. పూతరేకు తీసే చెయ్యి మాటకోసం ఆగదు. మొగుడేడే అని అడిగితే తల తిప్పకుండానే చెప్పింది.

"లోపల ఊరు కడుతున్నారండి, అత్తయ్యగారు."

"ఎవరి ఊరే?"

"మన ఊరేనండి. పట్నం అయిపోయిందంట."

లోపలికెళ్లి చూశాను. తెర మీద నిజంగా మా ఊరే. కాలవ, లాకు, లాకు దగ్గర వంగిన కొబ్బరిచెట్టు, పెంకుటిళ్లు, వాటి చుట్టూ మా ఊరు ఎన్నడూ ఎరగని బస్టాండూ పెద్దపెద్ద మేడలూ. చీమలంత మనుషులు తిరుగుతున్నారు. ఇది ఆట అన్నాడు. ఆటవాళ్లు మనకి ఖాళీ నేల ఇస్తారట. రోడ్లు మనమే వెయ్యాలి, నీళ్లు, కరెంటు మనమే ఇవ్వాలి, మురుగు మనమే మళ్లించాలి. మురుగు సరిగ్గా పోకపోతే ఆ చీమల్లాంటి మనుషులకి జబ్బులొచ్చి ఇళ్లు ఖాళీ చేసి పోతారు. ప్రెసిడెంటు పనీ, ఇంజనీరు పనీ, దేవుడి పనీ ఒక్కడివే చేస్తున్నావన్నమాట అన్నాను. ఆయ్ అన్నాడు.

ఆ ఆటలో దొరికేవన్నీ దొరల ఇళ్లట. అందుకని మన పెంకుటిల్లు అరుగుతో సహా వీడే తయారుచేసి, ఎవరైనా తీసుకోవచ్చని ఇంటర్నెట్టులో పెట్టాడు. కొబ్బరితోటా అలాగే పెట్టాడు. ఏయే దేశాలవాళ్లో వాటిని తమ ఊళ్లలో పెట్టుకున్నారు. బ్రెజిల్లో ఒకాయన కొండ మీద మన పెంకుటిళ్ల వీధి వేసుకుని ఫొటో పంపాడు. అరుగులు వీధివైపు కాకుండా వెనక్కి తిప్పి పెట్టాడు. ఆయనకేం తెలుసు పాపం, అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లని చూసే అదృష్టం లేని మనిషి.

మా ఇల్లు కూడా ఉంది. నీలం అరుగు, జామచెట్టు, గేటు. గేటుకి తుప్పు కూడా పెట్టాడు. అది తియ్యరా, ప్రపంచమంతా చూస్తుంటే నా పరువేం కావాలి అన్నాను. తియ్యలేదు.

"ఉన్నది ఉన్నట్టుండాలండి, పిన్నిగారు," అన్నాడు.

ఆ మాట మనసులో పెట్టుకున్నాను. నేను ఊరికే వదిలే మనిషిని కాను.

ఆ రోజుల్లో వాడు కొంచెం ఎగిరెగిరి పడుతున్నాడు, వాడికి చేతనైనంతలో. కారణం లీలావతి చెప్పింది. ఊళ్లు కట్టేవాళ్ల గుంపులో పోలెండాయన ఒకడున్నాడు. నెలకొక ఊరు ఎంచుకుని, అందులో వీధి వీధీ తిరుగుతున్నట్టు వీడియో తీసి పెడతాడు. వేలమంది చూస్తారు. వచ్చే ఆదివారం ప్రసాదు ఊరు చూపిస్తానన్నాడు. ఆయన మనసు పడ్డది ప్రసాదు కట్టిన ఫ్లైఓవరు మీద. మా వీధి వెనక మొదలై, చేల మీదుగా, కాలవ మీదుగా వంపు తిరిగి అవతల గట్టున దిగుతుంది. సాయంత్రం ఎండ దాని స్తంభాల మధ్యనుంచి కాలవలో పడుతుంది. వానాకాలమంతా వాడు దాని మీదే కూర్చున్నాడు. నాకూ బాగానే ఉంది. అబద్ధమెందుకు చెప్పాలి.

చూస్తూ చూస్తూ ఉంటే తెర మీద మా వీధి మొదట్లో ప్రభ కనిపించింది.

మా ఊరి సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తాను. కనుమనాడు మా వీధి ప్రభ తీర్థానికి, అంటే జాతరకి, వెళ్తుంది. వెదురుతో తాటిచెట్టంత ఎత్తు కట్టి, రంగుబట్టలు చుట్టి, గంటలు కట్టి, నడుమ వీరభద్రుణ్ణి పెట్టి, మనుషులే భుజాల మీద మోసుకుపోతారు. ఎత్తిన ప్రభని దించరు, వంచరు. వాడు దాన్ని ఎంత ముద్దుగా చేశాడో చెప్పలేను. రంగులు కూడా మా వీధివే. తీర్థం జరిగే కొబ్బరితోపు కాలవ అవతల పెట్టాడు, అదీ సరిగ్గానే ఉంది. ఆ రెంటికీ మధ్యనే ఈ ఫ్లైఓవరు, దాని కింద కరెంటు తీగలు, పక్కన మేడలు.

"ప్రభ ఇక్కడుంది, తోపు అక్కడుంది. నువ్వు కట్టినదాని కిందనుంచి మన వీరభద్రుడు పడుకుని వెళ్తాడట్రా?" అని అడిగాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. లేచి బయటికెళ్లి, అప్పటికే తడిసి ఉన్న వరల మీద మళ్లీ నీళ్లు పోశాడు.

ఎందుకలా అయ్యాడో లీలావతి గుమ్మం దాకా వచ్చి చెప్పింది. మీసం వచ్చినప్పటినుంచీ వాడు ప్రభ ముందు వరసలో మోసినవాడు. కొన్నేళ్ల కిందట లారీ మీంచి వర జారి భుజం దగ్గర వాడి కాలరెముక విరిగింది. అతికింది గాని, ఇక బరువు మొయ్యొద్దన్నాడు డాక్టరు. అప్పటినుంచీ కనుమనాడు వరలు తడపాలంటూ షెడ్డులోనే ఉండిపోతున్నాడు. మోసినవాడు కదా, పక్కన నిలబడి చూడలేడు. అలాంటివాడు ఊరంతా కట్టి, తను నడిచిన దారినే మరిచిపోయాడు. వాణ్ణి పొడిచింది నా మాట కాదు, ఆ మరుపు.

మర్నాడు పొద్దున్నే మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. కాఫీ ఇచ్చాను. తాగి గ్లాసు బోర్లించాక నోరు విప్పాడు.

"ఆ దారి నా కాళ్లకి తెలుసండి, పిన్నిగారు. చేతులకి తెలీలేదు."

"ఇంట్లో కూర్చుంటే కాళ్లూ మర్చిపోతాయి," అన్నాను.

ఫ్లైఓవరు తీసేస్తే పోలెండాయన ఊరు చూపించడేమో అన్నాడు. ఆయనకి ప్రభ సంగతి తెలియదు కదా, ఎవరికీ తెలియదు, అలాగే ఉంచేస్తే మాత్రం అడిగేదెవరు అని కూడా అన్నాడు. అది నన్ను అడగడం కాదు, నాచేత వద్దనిపించుకోడానికి వచ్చాడు. వాళ్లమ్మ పోయినప్పటినుంచీ ఆ పని నాదే.

"తియ్యమని నేనన్లేదు. ఉన్నది ఉన్నట్టుండాలని నువ్వే అన్నావు. నా గేటుకో న్యాయం, నీ వంతెనకో న్యాయమా?"

ఆయ్ అని లేచిపోయాడు.

మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాను. వానాకాలమంతా కట్టింది ఒక్క నొక్కుతో కొంచెం దుమ్ము లేపి మాయమైపోయింది. వాడు పెదవి కొరుక్కున్నాడు. ఆ తర్వాత అసలు గొడవ మొదలైంది. ఫ్లైఓవరు ఎక్కాల్సిన బళ్లన్నీ లాకు దగ్గర చిక్కుకుని బస్టాండు దాకా నిలిచిపోయాయి. తీగలు తీసేసరికి సగం ఊరికి కరెంటు పోయింది. ఇళ్ల మీద ఎర్రగుర్తులు లేచాయి, అవి ఆ జనం తిట్లట. లీలావతి చేతికంటిన పిండి కొంగుకి తుడుచుకుని వచ్చి, వాళ్లని ఓపిక పట్టమనండి అంది. ఆ వారమంతా వరలు తడిపే మధ్యలో వచ్చి కూర్చుంటూ, బళ్లని గట్టు రోడ్డుకి మళ్లించాడు, తీగల్ని ఊరి అవతలనుంచి చుట్టి తెచ్చాడు, మేడలు పడగొట్టి చేలు వేశాడు. చివరికి మా వీధినుంచి తోపు దాకా, ఊరి నడిబొడ్డున, కాలవని కూడా దాటుకుంటూ పచ్చటి దారి ఒకటి మిగిలింది. దాని మీద చిన్న స్తంభం కూడా లేదు.

పోలెండాయన చూసి ఇదేం పని అని రాశాడు. నేను చూపిద్దామనుకున్నదే లేదు, ఊరి మధ్య ఇంత స్థలం ఖాళీగా ఎందుకు పెట్టావు అన్నాడు. ప్రసాదు ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. తెలుగులో చెప్తే అదే ఇంగ్లీషులో రాసుకుంటుందట. వాడు అన్ని మాటలు వరసగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

"అది ఖాళీ కాదండి, మా ప్రభ దారండి. దారిలో చేనుంటే చేలోంచే వెళ్తామండి, రెండో పంటకి వేసిన దాళ్వా నాట్లు తొక్కుకుంటా వెళ్తాం. చేనుగలాయన తిట్టడండి, తన చేలోంచి రాకపోతేనే తిడతాడు. కాలవొస్తే కాలవలోకి దిగిపోతాం, పీకల్లోతు నీళ్లున్నా ప్రభ మాత్రం తడవదండి. ఏడాదికి ఒక్క పూటండి. ఆ పూట కోసం ఆ దారిలో ఏడాదంతా ఏమీ కట్టం. నేనూ మోసేనండి."

ఆదివారం వచ్చింది. పోలెండాయన ఎవరిదో మంచు పడే ఊరు చూపించాడు. ప్రసాదు అది చివరిదాకా చూసి, ట్రాములు బాగా పెట్టాడండి అన్నాడు. లీలావతి మాత్రం ఆ పూట రేకులు రెండు చింపుకుంది.

నా నోట్లో మాట దాగదు. ప్రభ కోసం ఫ్లైఓవరు పడగొట్టినవాడు మా వీధిలో ఉన్నాడని ఊరంతా చెప్పాను. ప్రభకి పెద్దగా ఉండే సోమేశ్వరరావుగారు మోసేవాళ్లని వెంటేసుకుని చూడ్డానికి వచ్చారు. అందరూ వరల మీద కూర్చుని, తెరకేసి వేళ్లు చూపించుకుంటూ, నా అరుగేది, వాడి కొబ్బరిచెట్టు నా వైపు వాలిందేమిటి అని కాసేపు దెబ్బలాడుకున్నారు. సోమేశ్వరరావుగారు ఆ పచ్చటి దారి మీద మొదటినుంచి చివరిదాకా వేలు నడిపించి, తలెత్తి అడిగారు.

"మరి నువ్వెందుకు రావట్లేదు?"

"భుజం పనికిరాదండి, బాబాయిగారు."

"మోసే భుజాలు బోల్డున్నాయి. కరెంటువాళ్లు ఆ పూట లైను ఆపి తీగలు దించుతారు, సరే. ఈ కేబుల్ తీగలూ ఇంటర్నెట్టు తీగలూ ఎవడు ఎత్తుతాడు? పోయినేడు మలుపులో అవి ప్రభకి చుట్టుకుని ఎంతసేపు నిలబడిపోయేమో నీకేం తెలుసు, నువ్వు ఇంట్లో కూర్చున్నావు. ముందు నడవడానికి మనిషి కావాలి."

ప్రసాదు ఆయ్ అనడానికి ఈసారి ఆలోచించలేదు.

కనుమనాడు మా గేటు దగ్గర నిలబడి చూశాను. శరభ శరభ అని అరుపులు, డప్పులు, గంటలు. ప్రభ ఊగుతూ వస్తోంది. దానికి ముందు ప్రసాదు, కొత్త పంచె కట్టి, కుడిచేతిలో చివర అడ్డకర్ర కట్టిన వెదురుగెడ. తీగ వచ్చినప్పుడల్లా గెడతో ఎత్తి పట్టుకుంటాడు, ప్రభ కిందనుంచి దాటిపోతుంది, మళ్లీ ముందుకి పరిగెడతాడు. వీధిలో అన్నింటికన్నా కిందికి వేలాడే తీగ వాడింటిదే. వాడి ఊరు దేశదేశాలకీ పోయింది ఆ తీగలోంచే. దాన్ని ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. వీరభద్రుడు తల వంచకుండా వెళ్లిపోయాడు. ప్రసాదు నన్ను చూసి నవ్వాడు. పళ్లు కనిపించేలా వాడు నవ్వడం వాడి పెళ్లిలో కూడా చూడలేదు. నేను కళ్లు తుడుచుకున్నది దుమ్ముకి.

ప్రభ చేలోకి దిగి కాలవ దాటడం లీలావతి ఫోనులో పట్టింది. ప్రసాదు అది పోలెండాయనకి పంపాడు. మాఘమాసంలో ఆయన మా ఊరు చూపించాడు. మొదలుపెట్టడమే ఆ పచ్చటి దారినుంచి మొదలుపెట్టాడు. తను కట్టే ఊళ్లో కూడా అలాంటి దారి ఒకటి వదిలాడట, అయితే మధ్యలో ట్రాము తీగలున్నాయి, పర్వాలేదా అని అడిగాడు. ఎత్తడానికి మనిషిని పెట్టుకోమని ప్రసాదు రాశాడు.

ఇక మిగిలింది నా గేటు. కనుమకని దానికి తుప్పు గీకించి ఆకుపచ్చ రంగు వేయించాను. వాడి ఊళ్లో మాత్రం ఇంకా తుప్పుగేటే ఉంది. ఉన్నది ఉన్నట్టుండాలి కదరా అని రోజూ షెడ్డుకి వెళ్లి అడుగుతున్నాను. వరలు ఆరనివ్వండి పిన్నిగారు అంటున్నాడు.