కండక్టరు వదిన ‘పోనీ’ అన్న రోజు

మా వదిన బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. ఆ రూట్లో తిరిగేవాళ్ళకు ఆమె అసలు పేరు తెలియదు, అందరికీ రైటమ్మే. బస్సు కదలాలంటే వెనక తలుపు దగ్గర నిలబడి, అరచేత్తో రేకు మీద చరిచి, "రైట్ రైట్, పోనీ!" అని ఒక్క కేక పెట్టేది. బస్సు ఎంత కిక్కిరిసి ఉన్నా ఆ కేక డ్రైవరు చెవిన పడాల్సిందే. ఇప్పటికీ వంటింట్లో కాళ్ళు ఎడంగా పెట్టి, ఒక చేత్తో పైనున్న అలమర పట్టుకునే నిలబడుతుంది. ఇల్లు మలుపు తిరిగితే పడిపోతానని భయం కాబోలు.

బస్సును అంత సులువుగా పంపే మనిషికి, మనుషుల్ని పంపడం మాత్రం చేతకాదు. "వెళ్ళు" అన్న మాట ఆమె నోట రాదు. పాలవాడైనా, ప్లంబరైనా, గుమ్మం దాటే ప్రతివాడికీ "వెళ్ళి రా" అనే చెబుతుంది. "ఆ ప్లంబరు మళ్ళీ రావడమంటే మన పైపు మళ్ళీ పగలడమే వదినా" అని నేను మొత్తుకుంటూనే ఉంటాను. "నోటి నిండా ఒక మంచి మాట అంటే నీ సొమ్మేం పోయింది" అంటుంది.

మా అన్నయ్యను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తున్నప్పుడు కూడా, స్ట్రెచర్ పట్టుకుని పక్కనే నడుస్తూ, "వెళ్ళి రండి" అంది. ఆయన రాలేదు. ఏళ్ళు గడిచిపోయాయి. ఆయన చెప్పులు మాత్రం ఇంకా గుమ్మం లోపల జతగా ఉన్నాయి, ఇప్పుడే ఎవరో విప్పి ఇంట్లోకి వచ్చినట్టు. నేను వాటికి కాలు తట్టుకుని తూలిపడబోయి తిట్టుకుంటాను, వదిన వంగి వాటిని సర్దుతుంది. తలుపు చప్పుడైతే చాలు, ఆమె తల గబుక్కున అటు తిరుగుతుంది. నాకది చూడలేని బాధ. అన్నయ్య పోయిన దుఃఖం కన్నా ఈమె ఎదురుచూపే నన్ను ఎక్కువ తినేసింది. ఆయన కోసం సరిగ్గా ఏడవడానికి కూడా నాకు వీలు దొరకలేదు.

అలాంటి మనిషి ఒకరోజు ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టింది. అరవై దాటినవాళ్ళు పరాయి దేశం వెళ్ళి, దిక్కులేని అడవి జంతువులకు కొన్నాళ్ళు సేవ చేసే కేంద్రమట.

"అమ్మాయ్, మనం వెళ్దామే" అంది.

"నీ మోకాళ్ళు ఇంటి మెట్లే ఎక్కవు, సముద్రాలు దాటతాయా?"

"మోకాళ్ళతో ఎవరు దాటమన్నారు? విమానముంది కదా."

బడిలో లెక్కలు చెప్పి రిటైరై, కడుపులో చల్ల కదలకుండా కూర్చోవలసిన నేను ఆమె వెంట బయల్దేరాను. ఇంటికి తాళం వేస్తూ, లోపల ఎవరూ లేకపోయినా, "వెళ్ళొస్తాం" అని చెప్పింది.

ఆ కేంద్రంలో మాకు నీటికుక్క దగ్గర పని పడింది. పేరుకే అది కుక్క. ముంగిసను కాస్త సాగదీసి, నూనె రాసి, మీసాలు పెట్టినట్టుంటుంది. నదిలో చేపలు పట్టుకుని బతికే జంతువు. తల్లి చనిపోయిన పిల్ల ఒకటి అక్కడే పెరిగి, తిరిగి నదిలో వదిలే ఈడుకు వచ్చింది. నియమం ఒక్కటే. దానికి మన మొహం కనబడకూడదు, గొంతు వినబడకూడదు, పేరు పెట్టకూడదు. మనుషుల్ని నమ్మి దగ్గరికొచ్చే నీటికుక్క ఎవడి వలకో కర్రకో బలైపోతుందని అక్కడి డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. వచ్చీరాని ఇంగ్లీషులో ఆమె, వచ్చినంత ఇంగ్లీషులో నేను, మధ్యలో చేతులతో వదిన, అలాగే పని నడిచింది.

నన్ను తువ్వాళ్ళు ఉతికే గదిలో వేశారు. వదినది చేపల గది. రబ్బరు బూట్లు, గ్లౌజులు తొడుక్కుని, మంచుకు గట్టిపడ్డ చేపలను నానబెట్టి, కోసి, ట్రేలో పెట్టి, గోడకున్న చిన్న తలుపులోంచి లోపలికి నెట్టడం. ఆ గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు ఆమె ఒళ్ళంతా చేపల కంపు, మొహమంతా నవ్వు. చాన్నాళ్ళ తర్వాత ఆ నవ్వు చూశాను కాబట్టి కంపు భరించాను.

వదిలే రోజు పొద్దున, పెట్టెను ఒక డొక్కు వ్యానులో నది ఒడ్డుకు తీసుకెళ్ళాం. డాక్టరమ్మ పెట్టె తలుపెత్తి తప్పుకుంది. మేం వ్యాను పక్కన కదలకుండా నిలబడ్డాం. నీటికుక్క బయటికొచ్చింది, ముక్కెత్తి గాలి వాసన చూసింది, బురదలో జారుకుంటూ నీళ్ళ దాకా వెళ్ళింది. ముందుకాళ్ళు తడిశాయి. అప్పుడు నా పక్కనే, పెదవి కదిలిందో లేదో అన్నట్టుగా, "వెళ్ళి రా నాన్నా" అని వినబడింది.

నీటికుక్క గిర్రున తిరిగింది. పరుగున వచ్చి వదిన బూట్ల మీద ముందుకాళ్ళు వేసి, చేప ఏదన్నట్టు పైకి చూసింది.

డాక్టరమ్మ మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. ఇది మనుషుల దగ్గరికి వచ్చేస్తోంది, రేపు ఇంకొక్కసారి చూస్తాం, రేపూ ఇలాగే వస్తే వదలడం కుదరదు, బతికినన్నాళ్ళూ కంచె లోపలే అని చెప్పింది. ఎందుకు వచ్చిందో అక్కడ ఎవరికీ అంతుబట్టలేదు, నాకు తప్ప.

గదికి రాగానే అడిగాను. "వదినా, ‘రా’ అన్న మాట దానికెలా తెలుసు?"

ఆమె బూట్లు కూడా విప్పకుండా మంచం అంచున కూర్చుంది. "రోజూ ట్రే నెట్టేటప్పుడు... ‘రా, దొంగమొహమా, రా’ అని. గట్టిగా కాదే, నాలో నేనే గొణుక్కున్నాను. పలకరింపు లేకుండా తిండి పడేసి రావడానికి అదేమన్నా చెత్తబుట్టా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ నోటికి గొళ్ళెం పెట్టుకోలేకపోయావా! నీ ముద్దు దాని బతుకు మీదకి తెచ్చింది చూడు!" అని అరిచేశాను. అరిచాక ఆమె మొహం చూసి నాలిక కరుచుకున్నాను.

"నువ్వు తిట్టాల్సిందే. మిగతాది తర్వాత తిడుదువుగాని, ముందు డాక్టరమ్మ దగ్గరికి పద. ఇదంతా చెప్పడానికి నా చేతులు చాలవు" అంటూ లేచింది.

వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. మమ్మల్ని మూటాముల్లె సర్దుకోమంటుందనుకున్నాను. ఆమె అంతా విని, కుర్చీలో వెనక్కి వాలి, గట్టిగా ఊపిరి వదిలి నవ్వేసింది. అయితే దానికి మోజు మనుషుల మీద కాదన్నమాట, ఒక్క మాట మీద అంది. ఈ నది పొడుగునా మీ భాష మాట్లాడేవాళ్ళు ఎందరున్నారని అడిగింది. మేమిద్దరమే అన్నాను. చుట్టుపక్కల తెలుగువాళ్ళు లేనందుకు సంతోషపడటం నాకు అదే మొదటిసారి. అయినా వదినను అంత తేలిగ్గా వదల్లేదు. రేపటి నుంచి నువ్వూ తువ్వాళ్ళ గదిలోకే అంది. పొద్దున నది దగ్గరికి మాత్రం రావాలి, రమ్మన్న గొంతే దాన్ని పొమ్మనాలి అంది. మీ భాషలో దానికి మాట లేదా అని అడిగింది.

"ఉంది" అన్నాను. "పో."

పక్కన వదిన ఉలిక్కిపడింది. "ఛ, పసిదాన్ని పట్టుకుని ఆ మాట ఎలా అంటామే!"

మర్నాడు మళ్ళీ అదే ఒడ్డు. పెట్టె తెరవగానే నీటికుక్క నీళ్ళ దాకా వెళ్ళి ఆగింది. మెడ తిప్పి వదిన కోసం చూసింది. డాక్టరమ్మ సైగ చేసింది.

"అను వదినా" అని గుసగుసలాడాను. "ఒక్క మాటే కదా."

వదిన నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది. "నావల్ల కాదే" అంది. "మీ అన్నయ్యతోనే అనలేదు."

నీటికుక్క నీళ్ళు వదిలి మా వైపు అడుగులు వేసింది. అయిపోయింది, ఇక కంచే గతి అనుకున్నాను. వ్యాను డ్రైవరు కూడా అలాగే అనుకున్నాడేమో, పెట్టె ఎక్కించడానికి బండి తిప్పుదామని ఇంజను స్టార్టు చేశాడు. డొక్కు ఇంజను గుర్రుగుర్రుమంది. రేకులన్నీ అదిరాయి. ఆ చప్పుడు వినగానే మా వదిన కాళ్ళు వాటంతటవే ఎడంగా జరిగాయి. చెయ్యి లేచింది. వ్యాను రేకు మీద ధన్ ధన్ మని చరిచింది.

"రైట్ రైట్! పోనీ!"

ఒడ్డున ఉన్న పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. నీటికుక్క ఎగిరిపడి, వెనక్కి తిరిగి, బురదలో సర్రున జారి నీళ్ళలో మునిగిపోయింది. డ్రైవరుకు తెలుగు ముక్క రాదు, అయినా ఆ కేకకు హడలిపోయి బండిని ముందుకు ఉరికించాడు. కొంత దూరం పోయాకగానీ ఆపలేదు.

నది నడుమ తల తేలింది. అవతలి ఒడ్డున రెల్లు వైపే చూస్తోంది. మళ్ళీ మునిగింది. ఈసారి నోట్లో గిలగిలలాడే చేపతో తేలింది. తన చేప తనే పట్టుకుంది!

"అమ్మయ్య!" అన్నాను పైకే. డాక్టరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని తలూపింది. ఆ మాటకు అర్థం అడగలేదు.

వదిన ఏడుస్తుందనుకున్నాను. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వుతోంది. "వెనక్కి చూడలేదు, గమనించావా?" అంది, కన్నకూతురు పరీక్ష పాసైనంత గొప్పగా.

తిరుగు దారిలో వ్యాను వెనకాల ఖాళీ పెట్టె పక్కన కూర్చున్నాం. తనే అంది. "మనం ఇంటికి వెళ్ళగానే గుమ్మం దగ్గర చెప్పులు తీసేద్దామే."

ఆ మాట కోసం ఇన్నేళ్ళు కాచుకున్నదాన్ని, తీరా వినేసరికి నేనే వెనక్కి తగ్గాను. "పోనీలే వదినా, ఉంటే ఉండనీ. చూసుకుని నడుస్తాను" అన్నాను.

"ఉండనీ కాదే, అమ్మాయ్." అరచేత్తో వ్యాను రేకును మెల్లగా తట్టింది. "పోనీ."

నేను ఆమె భుజం మీద తల పెట్టాను. అన్నయ్య పోయాక మొదటిసారి, ఆయన కోసం హాయిగా ఏడ్చాను.