బాబాయి నేర్పిన గోల్ఫ్ పట్టు

నా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు వేంసూరు నుంచి సారపాక వెళ్ళి బాబాయి వాళ్ళింట్లో ఉండేదాన్ని. బాబాయి కాగితం మిల్లులో ఫోర్‌మన్. బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక ఇంజనీరు ఆయనకు రెండు గోల్ఫ్ కర్రలు, డబ్బాడు బంతులు ఇచ్చి, ఆట కూడా నేర్పి వెళ్ళాడట. పిల్లలు లేని బాబాయికి అది ఎవరికైనా నేర్పాలని ఒకటే ఆశ. నాకప్పుడు పదకొండేళ్ళు.

కాలనీ దాటాక జామాయిల్ తోట, దాని పక్కన ఒక బీడు ఉండేవి. తోట వెనకంతా అడవి. ఒక సాయంత్రం బాబాయి ఆట నేర్పడానికి నన్ను ఆ బీడుకు తీసుకెళ్ళాడు. ఆకు కదలడం లేదు. ఇప్పపువ్వు ఏరుకుని తట్టతో వస్తున్న ఒకావిడ మమ్మల్ని చూసి ఆగింది.

"ఏంది సారూ, ఇంకా ఈడనే ఉన్నరు? తోటల ఏదో మెసులుతాంది. జల్దీ ఇంటికి పోండ్రి" అంది.

"అవ్, ఇగ పోతం" అన్నాడు బాబాయి. కానీ నా చేతికి కర్ర అప్పుడే వచ్చింది. నేను వదల్లేదు, ఆయనా కాదనలేకపోయాడు.

రోకలి పట్టుకున్నట్టు రెండు పిడికిళ్ళూ బిగించాను. ఆయన నవ్వాడు. "గట్ల కాదు బిడ్డా. అరచేతిల కాదు, వేళ్ళల్ల పట్టాలె" అంటూ నా ఎడమచెయ్యి పైన పెట్టి, బొటనవేలు కర్ర మీదుగా కిందికి ఆనించాడు. దాని కింద కుడిచెయ్యి పెట్టి, ఆ చిటికెన వేలిని ఎడమ చూపుడు వేలికి తగిలించాడు. "గట్టిగ పిసికితే కర్ర నీ మాట ఇనదు."

అప్పుడే పిట్టల అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. తోటలో ఎండుటాకులు నలుగుతున్న చప్పుడు, దానితోపాటు బరువుగా బుసకొడుతున్న ఊపిరి. చెట్ల మధ్య నుంచి నల్లటి ఎలుగుబంటి బీడులోకి వచ్చింది. వీపు మీద పిల్ల. మమ్మల్ని చూసి వెనక కాళ్ళ మీద లేచి నిలబడింది.

నా చేతులు వాటంతటవే కర్రను బిగించి పైకెత్తబోయాయి. బాబాయి వెనక నుంచి నా చేతుల మీద చేతులు వేసి, కర్రను మెల్లగా కిందికి దించాడు. "ఎత్తకు. వేళ్ళు వదులు చెయ్యి" అని చెవిలో గొణిగాడు. నేను చెయ్యలేకపోయాను. ఆయనే నా చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కో వేలూ విడదీశాడు. కర్ర గడ్డిలో పడింది. ఆయన చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు నా మోచేతుల దాకా తెలుస్తూనే ఉంది.

దాని వైపే చూస్తూ వెనక్కి అడుగులు వేశాం. అది కాసేపు గాలి వాసన చూసి, ముందుకాళ్ళు నేలకు దించి, తోటలోకి మళ్ళింది.

తెల్లవారి అదే తోట దగ్గర ఒకతన్ని ఎలుగు చీరేస్తే దవాఖానాకు మోసుకొచ్చారు. అదిలించబోయి కర్ర ఎత్తాడని చెప్పుకున్నారు. అతను బతికాడు గానీ ఒక కన్ను పోయింది. బాబాయి ఆ పూట అన్నం ముట్టలేదు. గడ్డిలో పడిన కర్ర కోసం మేం మళ్ళీ వెళ్ళలేదు.

నేను గోల్ఫ్ ఎన్నడూ ఆడలేదు. కానీ ఈ వయసులోనూ భయం వేస్తే ముందు నా పిడికిళ్ళే బిగుసుకుంటాయి. అప్పుడు చిటికెన వేలు వదులుతాను, ఆ తర్వాత మిగతావి. దానితో భయమేమీ పోదు. ఆ రోజు బాబాయికీ పోలేదు.