జాన్ భార్య

మా వంశవృక్షం పుస్తకంలో అక్క పేరు లేకపోవడానికి కారణం బాబాయి కాదు, నేను. అచ్చు వేయించింది ఆయనే గాని, కంప్యూటర్‌లో పేర్లు ఎక్కించింది నేను. పెళ్లయిన ఆడపిల్లలు వేరే ఇంటివాళ్లని, బాబాయికి చెప్పకుండానే అందరినీ వదిలేశాను. ఆ కోపంతో అక్క బాబాయితో మాటలు మానేసినా నేను నోరు విప్పలేదు.

2008లో నేపర్‌విల్ నుంచి షికాగో వెళ్లే రైల్లో మార్గరెట్ అనే పెద్దావిడ నా పక్కన కూర్చుంది. ఇంగ్లండులోని పూర్వీకుల కోసం పాత చర్చి రిజిస్టర్లు, జనాభా లెక్కలు వెతుకుతోందట. ఒక రిజిస్టరు పేజీ నకలు చూపించింది. ఎన్నో తరాల వెనకటి ఒక అవ్వను పూడ్చినట్టు రాసినచోట "జాన్ భార్య" అని మాత్రమే ఉంది. పేరు లేక వెతుకులాట అక్కడే ఆగిపోయిందట.

దొరల దేశంలోనూ ఇంతేనా అని ఆశ్చర్యపోయాను. "అప్పటి ఆచారం కదండీ" అని సర్దిచెప్పబోయాను.

"ఆచారమా? పిల్లల్ని కని, పెంచి, చచ్చిపోయిన మనిషికి పేరు రాయడానికి బద్ధకం! ఆ రాసినవాడు కనిపిస్తే చెవి మెలిపెడతాను" అంది.

అలాంటివాడు ఆమె పక్కనే ఉన్నాడు. ఆచారం పేరు చెప్పి నాలాంటివాళ్లు ఎంతమంది ఆడవాళ్లను చెరిపేశారో తలుచుకుంటే ఒళ్లు మండింది.

రైలు దిగగానే ట్రాయ్ అనే ఊళ్లో ఉంటున్న అక్కకు ఫోన్ చేసి నిజం చెప్పాను.

"ఎంత పని చేశావురా! ఆయన్ని నేను అన్నేసి మాటలంటుంటే విని ఊరుకున్నావా? సారీ నాకు కాదు, ముందు బాబాయికి చెప్పు" అని పెట్టేసింది.

వెంటనే గుంటూరుకు ఫోన్ కలిపాను.

"బాబాయ్, ఆ పేర్లు వదిలేసింది నేనే. నింద మీమీద పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. క్షమించండి."