వాకబు మేడమ్ అడిగిన ప్రశ్న

విశ్వవిద్యాలయ పరిపాలనా భవనంలో, మెట్ల కింద మిగిలిపోయిన జాగాకు తలుపు బిగించగా ఏర్పడిన గది ఒకటి ఉంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక టెలిఫోను, గోడ వారగా దస్త్రాలు. ఏడేళ్లుగా ఆ గదిలో కూర్చుంటున్న ఆమెను అందరూ వాకబు మేడమ్ అంటారు. డిగ్రీ పుచ్చుకుని రెండేళ్లయిన ప్రతివారికీ ఫోను చేసి, ఏం చేస్తున్నారో కనుక్కుని ఫారంలో రాయడమే ఆమె ఉద్యోగం.

ఆ ఫోనులో ఆమె వినని బతుకు లేదు. చరిత్ర చదివినవాడు విమానాశ్రయంలో పెట్టెలు తనిఖీ చేస్తున్నాడు. గణితంలో పతకం తెచ్చుకున్న అమ్మాయి కేకులు చేస్తోంది. ఎన్ని అంతస్తుల వరకు కూలకుండా నిలుస్తుందో తానే లెక్క వేస్తుందట. సాహిత్యం చదివిన ఒకాయన తాను మేనేజరునని చెబుతూండగా వెనక నుంచి "ఆ బకెట్టు ఇటు తేవయ్యా!" అని కేక వినిపించింది. మేడమ్ ఆ కేక విననట్టే "మేనేజరు" అని రాసుకుంది.

ఆమె చదివింది భూగర్భశాస్త్రం, అదే విశ్వవిద్యాలయంలో. చివరి సంవత్సరం భుజాన సంచీ, చేతిలో సుత్తితో కొండలెక్కింది. తరువాత దరఖాస్తులు, పెళ్లి, పాప. ఆ పైన ఈ తాత్కాలిక ఉద్యోగం. ఏడేళ్లు గడిచినా తాత్కాలికం శాశ్వతం కాలేదు. "మా కోడలు రాళ్లు చదివింది, మాట్లాడేది మాత్రం మనుషులతో. రెంటిలో ఏది గట్టిదో ఇంకా తేల్చలేదు" అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ ముచ్చటగా చెబుతూ ఉంటుంది.

ఆ యేడు ఆమె ప్రాణం ఒక అంకె చుట్టూ తిరిగింది. ఏ శాఖలోనైనా మూడేళ్ల పాటు వరసగా, పట్టభద్రుల్లో మూడో వంతైనా ఫారంలోని ప్రశ్నకు "అవును" అనకపోతే ఆ శాఖలో ప్రవేశాలు ఆగిపోతాయని నిబంధన. భూగర్భశాస్త్రానికి రెండేళ్లు తప్పాయి. ఇది మూడోది. ముప్ఫై మందిలో ఇరవై తొమ్మిది మందిని అడిగేసింది. శుక్రవారం సాయంత్రం అయిదుకు లెక్క అప్పజెప్పాలి. బుధవారం పొద్దున్నే ఆమె పాత గురువు వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు.

"ఎంతమంది అవునన్నారమ్మా?"

"తొమ్మిది సార్. ఇంకొక్కరు మిగిలారు."

"పది కావాలి కదూ."

"కావాలి సార్."

"నేనేం అడగడానికి రాలేదులే" అని, అడగడానికే వచ్చిన మనిషిలా మరి కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు.

ముప్ఫయ్యో నంబరు కలిసింది. అవతల రంపం గీపెట్టినట్టు ఒకటే రొద.

"మావయ్యా, కాసేపు ఆపు! యూనివర్సిటీ వాళ్లట!"

"ఇప్పుడు ఫెయిల్ చేశారేమో కనుక్కో!" అని వెనక నుంచి పెద్ద గొంతు.

రొద ఆగింది. వంటగట్లకు రాతి పలకలు కోసే పని అని ఆ కుర్రవాడు చెప్పాడు. మేడమ్ ఏడేళ్లుగా అడుగుతున్న ప్రశ్నే అడిగింది.

"చదువుకు తగ్గ ఉద్యోగమేనండీ?"

"ఎగతాళా మేడమ్? డిగ్రీ చేసి వంటగట్లు కోస్తుంటే ఎవరైనా తగ్గ ఉద్యోగమంటారా? కాదని రాసేయండి."

ఆమె కలం ఫారం మీద ఆగిపోయింది. రాసేసి ఫోను పెట్టేయవలసింది. పెట్టలేకపోయింది.

"పలక ఎక్కడ కొయ్యాలో మీకెలా తెలుస్తుందండీ?"

"చూస్తే తెలీదూ! నిన్న మావయ్య ఒక పలక మీద గీత గీశాడు. వద్దన్నా. అక్కడ పొర మారింది, పొయ్యి వేడి తగిలితే విడిపోతుంది. నీళ్లు చల్లి చూపించా. నిమ్మరసం పడితే పాడయ్యే రాయేదో కూడా ముందే చెప్పేస్తా. యాసిడ్ చుక్క వేస్తే పొంగుతుంది, మన ల్యాబులో చేసినట్టే."

"మరి అదంతా చదువే కదండీ!"

"చదువే. ఉద్యోగం మాత్రం తగ్గది కాదు. మీరడిగింది ఉద్యోగం సంగతి కదా? ఫారంలో అలాగే ఉందా మేడమ్?"

అలాగే ఉందనబోయి ఆమె ఫారం వైపు చూసింది. ఏడేళ్లుగా కళ్లెదుటే ఉన్న ఆ వాక్యాన్ని, నోటికి వచ్చుననుకోవడం చేత, ఆమె మళ్లీ చదవలేదు. "విద్యాభ్యాసంలో పొందిన జ్ఞానాన్ని ప్రస్తుత వృత్తిలో వినియోగిస్తున్నారా?" అని ఉందక్కడ. మొదటి వారంలో ఆ ముక్క చదివి వినిపిస్తే ఒక్కరికీ బోధపడలేదు. వాడుక మాటల్లో అడుగుదామని చూస్తే ఆమె నాలుక మీదికి వచ్చింది తన తండ్రి ప్రశ్న. ఈ ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజున ఆయన వేసిన మొదటి ప్రశ్న అదే. ఆ రోజు ఆమె తల దించుకుంది. అప్పటి నుంచి ఏటా వందలమంది తల దించుకునేలా చేస్తూ వచ్చింది. నిబంధన అడిగింది పని గురించి. ఆమె అడిగింది పరువు గురించి.

"చదివింది పనిలో వాడుతున్నారా?" అని మెల్లగా అడిగింది.

"రోజూ" అన్నాడతను.

పది. శాఖ నిలబడింది. ఫారం మూసేస్తే సరిపోయేది. కాని ఒకరికి ఒక ప్రశ్న, తొమ్మిదిమందికి వేరొక ప్రశ్న వేసి కూడితే వచ్చేది అంకె మాత్రమే, సాక్ష్యం కాదు. ఆమె లేచి మేడ మీదికి, రిజిస్ట్రారు గదికి వెళ్లింది.

ఆయన అంతా విని కళ్లజోడు తీశాడు. "మీరు ఏ శాఖలో చదివారు?"

"ఆ శాఖలోనే సార్."

"బాగుంది. రెండు రోజుల్లో గడువనగా మీ శాఖకు ప్రశ్న మారిందన్నమాట."

ఆమె ముఖం కందిపోయింది. "మళ్లీ అడిగితే తగ్గొచ్చు కూడా సార్."

"తగ్గితే?"

"తగ్గిందే రాస్తాను."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "అడగండి. మా గుమాస్తా పక్కన కూర్చుని వింటాడు. శుక్రవారం అయిదు దాటితే ఒక్క నిమిషం ఇవ్వను."

తగ్గింది. మొదటి ఫోనులోనే తగ్గింది.

"తగ్గ ఉద్యోగమా అన్నారు, అవునన్నా" అన్నాడు బ్యాంకు అధికారి. "ఏసీ గది, కారు, ఇంకేం కావాలి? రాళ్లెక్కడ వాడతానండీ బ్యాంకులో!"

అతని వెనకే బీమా కంపెనీ వాడు, మరో ఇద్దరు జారిపోయారు. రాళ్లు కోసేవాడితో కలిపి ఆరుగురే మిగిలారు. గుమాస్తా జాలిగా నాలుక చప్పరించి, "పోనీ, టీ తాగి మొదలుపెడదామా మేడమ్?" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపి మళ్లీ నంబరు నొక్కింది.

మొదటిసారి ఖాళీగా ఇంట్లో ఉన్నానని చెప్పిన ఒకమ్మాయి ఈసారి అసలు సంగతి చెప్పింది. "మా ఆయన బోర్లు వేస్తాడండీ. ఎక్కడ వెయ్యాలో చెప్పేది నేనే. జీతం లేదు కదా, అదేం ఉద్యోగంలే అని లేదన్నాను."

"నీళ్లు పడుతున్నాయా?"

"పడకపోతే మా ఆయన ఊరుకుంటాడా!"

గుమాస్తా పకపకా నవ్వాడు. మేడమ్ నవ్వలేదు, ఆ "అవును"ను వత్తి రాసింది. ఇటుకల బట్టీకి మట్టి ఎంచేవాడు, రోడ్డు పనుల్లో కంకర నాణ్యం చూసే మనిషి, కుండీలు చేసి అమ్మే మరో అమ్మాయి, ఒక్కొక్కరే వచ్చి చేరారు. శుక్రవారం నాలుగింటికి లెక్క పదమూడయింది.

గుమాస్తా కాగితాలు సర్దుతూ, ఏ దురుద్దేశమూ లేకుండా అడిగాడు. "పోయినేడు తత్త్వశాస్త్రం వాళ్లను కూడా ఆ పాత ప్రశ్నే అడిగారా మేడమ్?"

బుధవారం నుంచి ఆమె తప్పించుకు తిరుగుతున్న మాట అది. ఆ శాఖను మూసింది ఆమె ఇచ్చిన లెక్కతోనే. ఆమె ఒక తెల్లకాగితం తీసుకుని, తాను అడిగింది తప్పు ప్రశ్న అనీ, ఆ లెక్క చెల్లదనీ రాయసాగింది. పదమూడు మాట తెలిసి సంతోషంగా వచ్చిన పాత గురువు ఆ కాగితం చూసి గాభరాపడ్డాడు.

"మన శాఖ నిలిచింది కదమ్మా. ఇదెందుకిప్పుడు? నీది అసలే తాత్కాలికం!"

"వాళ్లకూ ఒక గురువుగారు ఉండేవారు కదా సార్" అని ఆమె సంతకం పెట్టింది.

రిజిస్ట్రారు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. "దీని మీద ఏం నిర్ణయిస్తారో నేను చెప్పలేను. మీ ఉద్యోగమే పోవచ్చు."

"తెలుసు సార్. తత్త్వశాస్త్రం వాళ్ల దస్త్రం ఒకసారి ఇప్పించండి."

"ఎందుకూ?"

"ఉద్యోగం పోయేలోగా అడిగేస్తాను."

ఆయన గుమాస్తాకు సైగ చేశాడు. ఆమె దస్త్రంతో కిందికి దిగి, తలుపు దగ్గరగా వేసి, జాబితాలో మొదటి నంబరుకు ఫోను చేసింది.

"యూనివర్సిటీయా? తత్త్వశాస్త్రమా?" అంది అవతలి గొంతు. "ఆ డిపార్ట్‌మెంటు మూసేశారు కదండీ!"

"మూశారండీ. నా వల్లే మూశారు. ఒక్క ప్రశ్న అడగొచ్చా?"