మెట్టుగూడ అరలో ఒక మూట

టీచర్ గారు పోయారని నాకు మొదట చెప్పింది మా లైబ్రరీ వాచ్‌మన్. "మేడం, టీచరమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నదంట, గట్లనే పోయింది," అని ఫోన్ పెట్టేశాడు. నేను చెప్పులేసుకుని బయల్దేరాను. ఆవిడ ఇంటికి వెళ్లాల్సినదాన్ని, కాళ్లు మాత్రం లైబ్రరీకి తీసుకెళ్లాయి. తలుపు తీసి చూశాను. మూటలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అప్పుడు ఏడుపొచ్చింది.

మూటలంటే ఏమిటో చెప్పాలి. మెట్టుగూడలో ఒక పాత బడి వెనక రెండు గదుల్లో ఉంటుంది మా లైబ్రరీ. పుస్తకాలు తక్కువ, కాగితాలు ఎక్కువ. సికింద్రాబాదు చరిత్రంటే దొరలూ పటాలాలూ మాత్రమే కాదు, రైల్వే క్వార్టర్లలో కాపురాలు చేసినవాళ్లది కూడా అని టీచర్ గారి పట్టుదల. బళ్లో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఇల్లిల్లూ తిరిగి కాగితాలు అడిగేవారు. రేషన్ కార్డులు, బదిలీ ఆర్డర్లు, శుభలేఖలు, చర్చిలో పాడిన పాటల కాగితాలు, ఫోటోలు. ఒక ఇంటివన్నీ కలిపి ఒక మూట. ఒక్కో పేటకి ఒక్కో అర. మూట కట్టే గుడ్డ కూడా ఆ ఇంటిదే అయ్యుండాలి. ఈ ఒక్క విషయంలో ఆవిడంత మొండిమనిషిని నేను చూడలేదు.

ఒకసారి రైల్వే గార్డుగా చేసినాయన కోడలు సంచీ నిండా కాగితాలు తెచ్చింది.

"గుడ్డ ఏందమ్మా? కాగితాలిస్తున్న గదా!"

"కాగితాలు చూస్తే మీ మామగారి ఉద్యోగం తెలుస్తుందమ్మా. గుడ్డ చూస్తే మీ ఇల్లు తెలుస్తుంది. పాతదైనా పర్లేదు, తీసుకురా తల్లీ."

ఆమె గొణుక్కుంటూ వెళ్లి, వారం తిరక్కుండా ఒక గళ్ల లుంగీ తెచ్చింది. "మా మామ పండుగనాడు ఇదే కట్టేటోడు. జెర చినిగింది," అంటూ ఇవ్వబోయి ఆగింది. దాన్ని ఒకసారి ముఖానికి ఆనించుకుని అప్పుడిచ్చింది. టీచర్ గారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

శనివారాలు నేను మూటలు దులిపి కట్టేదాన్ని. నేను కట్టిన ప్రతి ముడీ ఆవిడ విప్పి మళ్లీ కట్టేవారు. "అమ్మాయ్, నువ్వు దొంగలకి భయపడి కడుతున్నావు. మన తర్వాత విప్పేవాళ్ల కోసం కట్టు. ఒక్కసారి లాగితే ఊడిరావాలి." నాకు ఒళ్లు మండేది. "అయితే మీరే కట్టుకోండి," అని విసుక్కుంటే నవ్వి, ఇంకో మూట నా ముందుకు తోసేవారు.

చివరి ఏడాది ఆవిడకి నిలకడ లేదు. కంప్యూటర్లు పెట్టుకోవాలి, గదులు ఖాళీ చెయ్యమన్నారు బడివాళ్లు. ఊళ్లో ఒక పెద్ద లైబ్రరీ మా కాగితాలన్నీ తీసుకుంటామంది. కానీ మూటలు విప్పాలట. ఫోటోలు ఫోటోల్లోకి, ఉత్తరాలు ఉత్తరాల్లోకి, గుడ్డలు బయటికి. ఉద్యమం బంద్ లేని రోజు చూసుకుని ఆ లుంగీ మూట ఒళ్లో పెట్టుకుని టీచర్ గారు బస్సులో అక్కడికి వెళ్లారు, తోడు నేను. ఆఫీసరు గారి బల్ల మీదే మూట విప్పారు.

"ఈ ఫోటోలో పెళ్లికొడుకే ఈ బదిలీ ఆర్డర్లో మనిషండీ. విడదీశాక ఎలా తెలుస్తుంది?"

"కేటలాగ్‌లో రాస్తాం మేడం. గుడ్డలకి పురుగు పడితే అన్నిటికీ ఎక్కుతుంది."

ఆయన మాటలోనూ న్యాయముంది, అదే నా బాధ. చివరికి "చూద్దాం" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆవిడ మూట మళ్లీ ఒళ్లో పెట్టుకున్నారు. వేళ్లు ముడి మీద ఆడుతూనే ఉన్నాయి.

రాష్ట్రం విడిపోతుందా ఉంటుందా అని చాయ్ బండి దగ్గర కూడా తేల్చేస్తున్న రోజులవి. టీచర్ గారి నాన్నగారు గుంటూరు వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చారు. వాచ్‌మన్ ఆట పట్టించేవాడు. "టీచరమ్మా, అందరి మూటలు కట్టిండ్రు. మరి మీ మూట ఏ అరల పెట్టాలె? గుంటూరు అర లేదు గదా!"

"నాది ఇంకా సర్దలేదులేరా," అని నవ్వేవారు. ఆ నవ్వు సగంలో ఆగిపోయేది.

భూస్థాపన అయిన మర్నాడే ఆఫీసరు గారు ఫోన్ చేశారు. పాపం, కాగితాలు ఎప్పుడిస్తారని మర్యాదగానే అడిగారు. విప్పకుండా తీసుకుంటేనే ఇస్తానన్నాను. ఆయన మళ్లీ "చూద్దాం" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. గదులు పోతే ఇన్ని ఇళ్లని ఎక్కడ పెట్టను?

ఆ సాయంత్రమే టీచర్ గారి చెల్లెలు లైబ్రరీకి వచ్చారు. అక్క సర్టిఫికెట్లు, నాన్నగారి రైల్వే పాసు, చర్చి మెట్ల మీద అందరూ నిలబడ్డ ఫోటో బల్ల మీద పెట్టారు.

"గుడ్డ ఉందాండీ?" అన్నాను. అనేశాక నాలిక్కరుచుకున్నాను.

"అడుగుతావని అక్క ఎప్పుడో చెప్పిందమ్మా," అంటూ చేతిసంచీలోంచి బూడిదరంగు నేత చీర చెంగు తీశారు. టీచర్ గారు బడికి కట్టుకునే చీర. గంజి వాసన ఇంకా పోలేదు.

అన్నీ అందులో మూట కట్టి మెట్టుగూడ అరలోనే పెట్టాను, గళ్ల లుంగీ పక్కన. ముడి బిగుసుకుపోయింది. విప్పి మళ్లీ కట్టాను, మళ్లీ బిగిసింది. తాళం వేసుకుని వచ్చేశాను. శనివారం తలుపు తీస్తూనే ముందు ఆ అర వైపే చూశాను. ముడి నేను కట్టినట్టే ఉంది.