చిటిక పడని రాజీ

ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. పార్సిప్పనీలో మా ఆఫీస్ సెక్యూరిటీ పెద్దాయనది లైబీరియా. చెయ్యి కలిపి వదిలేటప్పుడు తన వేలు మన వేలితో కలిపి చిటిక వేసేవాడు. వాళ్ళ ఊళ్ళో రాజీలకీ అదే ముద్రట. యుద్ధంలో కొట్టుకున్న రెండు వర్గాలు చివరికి రాజీకి కూర్చునే వేళకి ఎబోలా అంటురోగం వచ్చింది. చేతులు కలపకూడదన్నారు.

"చిటిక పడకపోతే ఎవరూ నమ్మరు బాస్, మళ్ళీ కొట్టుకుంటారు," అని దిగులుపడ్డాడు.

"దూరంగా నిలబడి ఎవరి చిటిక వాళ్ళని వేసుకోమనండి," అన్నాను.

వెంటనే ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాడు. మర్నాడు ఏటికి ఇటూ అటూ నిలబడి అందరూ చిటికలేస్తే, ఆ మోతకి పిట్టలన్నీ లేచిపోయాయట!

సరే, ఒప్పుకుంటాను. పిట్టలు నావి, ఏరు నాది, రాజీ కూడా కథలో నేను కుదిర్చిందే. ఆయన మాత్రం రోజూ తలుపు దగ్గర నుంచే నాకేసి చిటిక వేసి, "మావాళ్ళు ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు బాస్," అనేవాడు.