ప్రేమచంద్ మాస్టారి ద్వంద్వ వియోగం

ఒమాన్‌లోని సహం ఊళ్లో తెలుగువాళ్ల ఇళ్లలో ఏం జరిగినా సరే, ప్రేమచంద్ మాస్టారు దాన్ని ఏదో ఒక రసాయన చర్య కింద జమకట్టేసేవారు. పెళ్లయితే సంయోగం. అన్నదమ్ములు వేరు పడితే వియోగం. ఒకడి ఉద్యోగంలోకి ఇంకొకడు వస్తే స్థానభ్రంశం. మనుషులకు సంతోషం, దుఃఖం అనేవి కూడా ఉంటాయని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. చెప్పినా, సిలబస్‌లో లేవని వదిలేసి ఉంటారు.

ఆయన అక్కడి ఇండియన్ స్కూల్లో పదో తరగతికి కెమిస్ట్రీ చెప్పేవారు. బెల్లు కొట్టగానే పిల్లలకు విముక్తి దొరికేది. ఆయన భార్య మేరీకుమారికి మాత్రం ఆ బెల్లు లేదు. ఆమె ఒక ప్రైవేటు క్లినిక్‌లో నర్సు. పాలకొల్లు నుంచి ఒమాన్ దాకా ఆయన వెంట వచ్చిన పాపానికి పగలు రోగుల్ని, సాయంత్రం రసాయన శాస్త్రాన్ని భరించేది.

ఒకసారి ప్రార్థన బృందంలో పెళ్లి జరిగింది. కొత్త జంటను దీవిస్తూ రెండు మాటలు చెప్పమంటే మాస్టారు మైకు అందుకున్నారు. "వివాహం రసాయన సంయోగం. పొడి సున్నంలో నీళ్లు పోసినట్టు. మొదట్లో కుతకుత ఉడుకుతుంది, చెయ్యి పెడితే కాలుతుంది. భయపడొద్దు. చల్లారాక గోడలకు వెల్ల వేసుకోవచ్చు" అన్నారు. పెళ్లికూతురు పెళ్లికొడుకు వంక అనుమానంగా చూసింది. పాస్టరుగారు అవసరానికన్నా ముందే ఆమెన్ అనేశారు.

కడప ఖాదర్ నడిపే హోటల్లో పాత వంటమనిషి పోయి కొత్తవాడు వస్తే, మాస్టారు వంటింటి గుమ్మంలోకే వెళ్లి ధైర్యం చెప్పారు. "నాయనా, నువ్వు జింకువి. నీకన్నా చురుకు తక్కువ కాబట్టి రాగి బయటికి పోయింది. రేపు నీకన్నా చురుకైనవాడొస్తే నువ్వూ పోతావు. ఇందులో బాధపడాల్సింది లేదు." కొత్త వంటవాడు ఆ పూటే సంచి సర్దుకున్నాడు. ఖాదర్ అతన్ని బతిమాలి ఆపి, మాస్టారి దగ్గరికొచ్చి చేతులు జోడించాడు. "సార్, టీకి మీరు లెక్కియ్యొద్దు. ఊరికే తాగి పోండి. మా వాళ్లను లోహాలు మాత్రం సెయ్యొద్దు."

తమ పెళ్లిరోజున మేరీకుమారి బుద్ధి తక్కువై అడిగింది. "మరి మనది ఏం చర్యండీ?"

మాస్టారు చాలాసేపు ఆలోచించారు. ఆమెకు ఆశ పుట్టేంత సేపు. "నెమ్మదిగా జరిగే ఆక్సీకరణం" అన్నారు చివరికి.

"అంటే?"

"తుప్పు."

ఆ పూట ఆయన ఖాదర్ హోటల్లో భోంచేశారు.

ఇవన్నీ నవ్వుకుని మర్చిపోయే సంగతులు. సింధూజ సంగతి అలా కాలేదు.

సింధూజది జగిత్యాల వైపు. మేరీకుమారి క్లినిక్‌లోనే నర్సు. భర్త రఘుపతి దుక్మ్‌లో రిఫైనరీ సైట్ మీద సూపర్‌వైజరు. దేశం ఆ చివర ఆయన, ఈ చివర ఈమె. ఇక్కడ బయల్దేరితే అక్కడికి చేరేసరికి రోజు గడిచిపోయేది. అక్కడ సెలవు రోజైన ఒక శుక్రవారం మేరీకుమారి ఆ పిల్లను భోజనానికి పిలిచింది. చేపల పులుసు వడ్డిస్తుండగా ఫోను మోగింది, రఘుపతి ముఖం కనిపించింది, ఆగిపోయింది, మాయమైంది. సింధూజ కళ్లు తుడుచుకుంది.

"ఫోన్ల కాపురం జేస్తున్న అక్కా. ఆయన మొఖం గుండ్రంగుంటదో, నెట్టు సతాయిస్తే కనవడ్డట్టు గళ్లు గళ్లుగుంటదో కూడ మర్శిపోయిన."

మాస్టారు పులుసులోంచి చెయ్యి తీశారు. "నీ లైసెన్సు రెన్యువల్ ఎప్పుడమ్మా? గ్రేడేమిటి? మీ క్లినిక్ వాళ్లకి దుక్మ్‌లో బ్రాంచి ఉందిగా? అక్కడ నర్సులెందరు?"

సింధూజ ముక్కు చీదుకుంటూనే అన్నిటికీ జవాబు చెప్పింది. మేరీకుమారి బల్ల కింద ఆయన కాలు తొక్కింది. "పిల్ల ఏడుత్తుంటే మీరు హాజరు ఏత్తన్నారేంటండీ."

ఆయన కాలు వెనక్కి తీసుకుని, ముఖం వెలిగిపోతుండగా అన్నారు. "అయితే అనుమానం లేదు. మీది ద్వంద్వ వియోగం. చాలా మంచి కేసు."

సింధూజ ముద్ద దించేసింది. "ఒక్క వియోగం సాలదా సార్, రెండా?" అని లేచి చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది.

"నేనన్నదాంట్లో తప్పేముంది? పుస్తకంలో ఆ పేరే ఉంది" అన్నారు మాస్టారు.

"పుస్తకానికి మొగుడు లేడండీ" అంది మేరీకుమారి.

మాట ఊళ్లోకి పాకింది, పాకుతూ పెరిగింది. వారం తిరక్కుండా రఘుపతి మేరీకుమారికి ఫోన్ చేశాడు. "అక్కా, నేను సింధూజ విడిపోతమని సార్ జెప్పిండట గదా. ఆమె ఏమన్న అన్నదా ఆయనతోని?" మేరీకుమారి తల పట్టుకుంది. వెళ్లి క్షమాపణ చెప్పి రమ్మని మాస్టారిని తరిమింది. ఆయన బుద్ధిగా సింధూజ రూమ్‌కి వెళ్లి, క్షమించమ్మా అని, ఆ నోటితోనే "నైట్ డ్యూటీలంటే నీకు అభ్యంతరం లేదుగా?" అని అడిగి వచ్చారు. ఆనాటి నుంచి సింధూజ మేరీకుమారితో కూడా మాట్లాడటం మానేసింది. డ్యూటీ మారేటప్పుడు రోగి వివరాలు గోడకు చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయేది.

దానికి తోడు మాస్టారు స్కూలు వదలగానే క్లినిక్ ఆఫీసులో తేలుతున్నారని తెలిసింది. ఇక్కడ పరువు పోయింది చాలక ఆఫీసు మీద పడ్డారా అని మేరీకుమారి కుమిలిపోతుండగా, ఆఫీసు చూసే జువేరియా ఆమెకు కబురు పెట్టింది. జువేరియాది హైదరాబాదు.

"బైఠో మేరీ. మీ సార్ నా దిమాక్ మొత్తం తినేసిండు" అంటూ గోడ మీది బోర్డు చూపించింది. దాని నిండా బాణాలే. "జర సూడు. సింధూజ ఈడ, ఆమె మొగుడు దుక్మ్‌ల. మన దుక్మ్ బ్రాంచిల సెలిన్ అని నర్సు ఉంది. ఆమె మొగుడు లెవి ఈడనే, సహంల. వాళ్ల బిడ్డ సార్ క్లాసే. పేరెంట్స్ మీటింగ్‌కి లెవి ఒక్కడే వస్తుంటే సార్ కూపీ లాగిండట. ఇద్దరు నర్సులను అటుదిటు జేస్తే రెండు కాపురాలు కలుస్తయి అంటడు. దాని పేరే ద్వంద్వ వియోగమట."

మేరీకుమారి బోర్డు దగ్గరికెళ్లి బాణాలను ఒక్కొక్కటే వేలితో వెంబడించింది.

"కంపెనీల అసొంటి రూల్ లేదన్న. ప్రకృతిల ఉందన్నడు. రోజూ వచ్చిండు. మస్కట్ల పెద్ద మేనేజర్‌కి గూడ ఫోన్లు జేసిండు. సిల్వర్ నైట్రేట్ గురించి ఇంకొక్క ముక్క ఇనలేక ఆయన సంతకం పెట్టేసిండు." జువేరియా డ్యూటీ చార్టు ముందుకు జరిపింది. "ఒక్కటే లొల్లి. సింధూజ ముందు పోవాలె, సెలిన్ వచ్చుడు లేటైతది. నడుమ శుక్రవారాలు డ్యూటీకి మనిషి లేదు. మేరీ చేస్తదని నీ తరఫున సార్ మాట ఇచ్చిండు."

ఆ సాయంత్రం మేరీకుమారి గుమ్మంలోనే నిలదీసింది. "నన్నొక మాట అడగాలని తెల్దా?"

"ఉత్ప్రేరకాన్ని ఎవరూ అడగరు మేరీ. అది చర్యను వేగంగా జరిపిస్తుంది. తను మాత్రం ఏ మార్పూ లేకుండా బయటికొస్తుంది."

"నా మోకాళ్లు కూడా మార్పు లేకుండా వత్తాయా?"

మాస్టారు ఇబ్బందిపడ్డారు. మోకాళ్ల గురించి పుస్తకంలో లేదు.

"పోనీ ఆ పిల్లకైనా చెప్పొచ్చుగా. మిమ్మల్ని ఎన్ని తిట్టుకుందో."

"సంతకం పడకముందే ఆశ పెట్టి, తీరా కుదరకపోతే ఆ పిల్ల ఏమైపోతుంది?" అన్నారాయన, బూట్లు విప్పుకుంటూ. "నన్ను తిట్టుకుంటే నష్టమేముంది. కోపంలో ఉన్నన్నాళ్లూ ఏడవలేదు కదా."

మేరీకుమారి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఆయన పళ్లెంలో చేప తలకాయ పడింది. ఆ ఇంట్లో అది చిన్న గౌరవం కాదు.

దుక్మ్‌కు బయల్దేరే ముందు సింధూజ ఇంటికి వచ్చింది. మాస్టారి ముందు తల ఎత్తలేకపోయింది. "సార్, వియోగమంటే కలుసుడు అని నాకెట్ల తెలుస్తది? ఆ పేరు పెట్టినోడెవడు సార్?"

"ఎవరో పెళ్లికాని పండితుడై ఉంటాడమ్మా" అన్నారు మాస్టారు సీరియస్‌గా.

మొదటి శుక్రవారం మేరీకుమారి డ్యూటీలో ఉండగా మాస్టారు క్యారేజీ పట్టుకొచ్చారు. ఆమె లోపల ఒక ముసలాయనకు కట్టు కడుతుంటే బయట వరండాలోంచి ఆయన గొంతు వినిపించింది. కొత్తగా చేరిన ల్యాబ్ అమ్మాయి సంగీతతో మాట్లాడుతున్నారు.

"మీ ఆయన ఎక్కడమ్మా? సమాయిల్‌లోనా? ఏ కంపెనీ? సెలవెప్పుడు?"

"మీరు రక్తం ఇవ్వడానికొచ్చారా సార్, తాగడానికొచ్చారా?" అంటోంది సంగీత.

ఆయన నోరు మూయించడానికి మేరీకుమారి విసవిసా గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. వెనక్కి వచ్చి ఫోను తీసింది.

"జువేరియా, వచ్చే నెల శుక్రవారాలక్కూడా నా పేరే ఏసెయ్. ఎందుకంటే ఏం చెప్పను. అవసరం పడేలా ఉంది."